అడగని మాట

హైదరాబాదు నుంచి ఒంగోలు బస్సు ఏ దారిన పోతుందో తెలిసినవాళ్ళకి నా అవస్థ చెప్పకుండానే అర్థమవుతుంది. నార్కట్‌పల్లి దగ్గర బెజవాడ రోడ్డు వదిలేసి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ దాటి, నరసరావుపేట మీదుగా అద్దంకి వచ్చి, అక్కణ్ణించి ఒంగోలు పోతుంది. నరసరావుపేటలో మా అక్క ఉంది. అద్దంకిలో మా అన్నయ్య ఉన్నాడు. సాహిత్య సభలని, పెళ్ళిళ్ళని ఆ బస్సు నేను చాలాసార్లు ఎక్కాను. పన్నెండేళ్ళపాటు నరసరావుపేట రాగానే నిద్రపోయి, అద్దంకి దాటాక లేచేదాన్ని. నిద్ర వస్తే పోవడం అందరూ చేసేదే. నేను రాకపోయినా పోయేదాన్ని. కిటికీకి తెర లాగేసి, కొంగు మొహం మీద కప్పుకుని, బస్సు మళ్ళీ వేగం అందుకున్న చప్పుడు విన్నాకే కళ్ళు తెరిచేదాన్ని. ఒకసారి పక్క సీటావిడ, "మీకు భలే నిద్రండీ, అదృష్టవంతులు" అంది కూడాను.

మా అన్నయ్య బస్టాండులో నిలబడి బస్సుల్లోకి తొంగిచూస్తాడని కాదు నా భయం. ఊరు కనిపిస్తే దిగాలనిపిస్తుందని. దిగితే ఎవరింటికి వెళ్ళాలో తెలియదని.

మేం ముగ్గురం. అన్నయ్య, అక్క, నేను. నేను కడగొట్టుదాన్ని. మా నాయనకి గుండ్లకమ్మ వైపు నాలుగున్నర ఎకరాల నల్లరేగడి ఉండేది, తాతలనాటిది. 2013లో నాయన పోయాడు. వీలునామా రాయలేదు. మా ఇంట్లో రాసే జబ్బు నా ఒక్కదానికే గాని ఇంకెవరికీ లేదు.

పెద్దకర్మ అయిన మూడో వారం అన్నయ్య ఫోన్ చేశాడు. "మీరిద్దరూ ఒకసారి వచ్చి రిజిస్ట్రాఫీసులో సంతకాలు పెట్టిపోండమ్మా. పాసుపుస్తకం నా పేరున మారాల" అన్నాడు. అక్క నరసరావుపేట నుంచి వచ్చి, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి, సాయంత్రం బస్సుకల్లా వెళ్ళిపోయింది. నేను మాత్రం ఫోన్‌లోనే, "ఆలోచించుకుని చెప్తాను అన్నయ్యా" అన్నాను.

అంతే. నేనన్న మాట అదొక్కటే. పెట్టననలేదు, పెడతాననలేదు. పుట్టింటివాళ్ళతో 'ఆలోచించుకుని' అనే మాట ఆడపిల్ల వాడగూడదని నాకెవరూ చెప్పలేదు. సాయంత్రానికి అది 'చిన్నది వాటా అడిగింది' అయింది. మర్నాటికి 'కోర్టుకెక్కుతుందట' అయింది. ఇన్ని నవలలు రాశానుగాని కథని అంత వేగంగా నడపడం నాకెన్నడూ చేతకాలేదు.

ఆ మాటకొస్తే చట్టం నా వైపే ఉంది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం చేసిన సవరణ 1986లో చట్టమైంది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. మా అక్క పెళ్ళి 1993లో, నాది 2000లో. 2005లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికున్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదేనని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ వార్త నేను కత్తిరించి, "చూశారా!" అని మా వారికి చూపించాను.

"చూశాను. ఇప్పుడు మీ అన్నయ్యకి ఫోన్ చేసి చెప్తావా?" అన్నారాయన.

కాయితం మడిచి బీరువాలో పెట్టేశాను. గెలిచాను, నిజమే. చెప్పుకోవడానికి మనిషి లేడు.

అద్దంకిలో పుట్టినవాళ్ళకి చిన్నప్పుడే ఒక గొప్ప నేర్పుతారు: తెలుగు పద్య శాసనం మొదట దొరికింది మన ఊళ్ళోనేనని. పండరంగడు వేయించిన తరువోజ, క్రీస్తుశకం 848 నాటిది. తీరా అందులో ఉన్నదేమిటి? ఫలానా యుద్ధం గెలిచి, ఆదిత్యుడి గుడికి ఇన్ని పుట్ల నేల ఇచ్చానని. అంటే మా ఊళ్ళో పద్యం పుట్టిందే భూమి దస్తావేజు మీద! అలాంటి ఊళ్ళో పుట్టి భూమి దగ్గర నోరు జారానంటే తప్పంతా నాది కాదేమో.

నవ్వుకోవడానికి బాగానే ఉందిగాని, ఇక్కడ ఒక నిజం చెప్పాలి. సంతకం ఎందుకు పెట్టలేదని స్నేహితులు అడిగితే ఆడవాళ్ళ హక్కు గురించి చెప్పేదాన్ని. ఆస్తి హక్కు మీద అప్పటికే ఒక నవల కూడా రాసి ఉన్నాను. అది చదివి మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసిన ఆడవాళ్ళకి ఏం జవాబు చెప్పను అనేదాన్ని. అందులో అబద్ధం లేదు. కానీ ఆ నెలలోనే మేం హైదరాబాదులో ఫ్లాటుకి బయానా కట్టాల్సి ఉంది. డబ్బు చాల్లేదు. 'ఆలోచించుకుని' అన్నప్పుడు నా మనసులో మెదిలింది చట్టం కాదు, మూడో అంతస్తులో తూర్పు వాకిలి.

అన్నయ్య సంగతి కూడా చెప్పాలి. 1987లో మా వైపు పత్తిని తెల్లదోమ పట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల పాలైన రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్న రోజులవి. మా నాయన బతికాడు. అప్పూ బతికింది. అన్నయ్య ఇంటర్ మధ్యలో పుస్తకాలు అటకెక్కించి అరక పట్టాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తరువాత నేను గుంటూరులో బి.ఏ. చదివితే మూడేళ్ళూ హాస్టలు ఫీజు కట్టింది ఆ అరకే. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసిన సంగతిని తలుచుకోకుండా ఉండడం కూడా ఒక విద్యే. బస్సులో నిద్రలాంటిదే.

సయోధ్యకి ప్రయత్నాలు చెయ్యలేదని కాదు. 2016లో అన్నయ్యకి ఉత్తరం రాశాను. పద్నాలుగు పేజీలు! నేను ఎందుకలా అన్నానో, అనడానికి ముందు ఎంత మథనపడ్డానో, అన్నాక ఎన్ని రాత్రులు నిద్రపోలేదో, అంతా రాశాను. మా వారు చదివి, "సీరియల్‌గా వేసుకోవచ్చు" అన్నారు. జవాబు రాలేదు.

2019లో మా బాబాయిని మధ్యవర్తిగా పంపాను. పెద్దమనుషుల్తో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్ళకి జ్ఞాపకశక్తి ఎక్కువ. నా మాట అక్కడికీ, అక్కడి మాట నాకూ చేరవేసేటప్పుడు ఒక్కటీ వదిలిపెట్టలేదాయన. అంతకు ముందు మా మధ్య ఒక్క సంతకమే ఉండేది. బాబాయి వచ్చివెళ్ళాక అమ్మ గాజుల జత, 1993 పెళ్ళిలో పెట్టుపోతలు, నాయన ఆస్పత్రి ఖర్చు, అన్నీ వచ్చి చేరాయి.

2021 చివర మిరప తోటల్ని నల్ల తామరపురుగు నాశనం చేసిందని పేపర్లో చదివాను. పూతంతా రాలిపోయిందని, రైతులు తోటలు పీకేస్తున్నారని రాశారు. అన్నయ్య వేసేది మిరపే. ఫోన్ చేతిలోకి తీసుకుని, నంబరు చూసి, పక్కన పెట్టేశాను. ఏమని అడగాలి? పన్నెండేళ్ళలో నేను చేసిన పనుల్లో నాకు ఎక్కువ సిగ్గు వేసేది ఈ చెయ్యని పనికే.

ఇంతకీ ఎలా దిగానో చెప్పనే లేదు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రి మర్నాడు, ఒంగోలు నుంచి తిరిగి వస్తున్నాను. పగటి బస్సు. అలవాటుగా కొంగు కప్పుకున్నాను. కండక్టరు, "అద్దంకీ! అద్దంకి దిగేదెవరండీ?" అని అరిచాడు.

"నేనండీ" అన్నాను.

నోరు దానంతటదే అనేసింది. కాలేజీ సెలవులకి వచ్చిన ప్రతిసారీ అన్న మాటే కదా. "మీది హైదరాబాదు టిక్కెట్టు కదమ్మా?" అన్నాడతను. అప్పటికే సంచీ తీసుకుని మెట్ల మీదున్నాను.

వాకిట్లో నన్ను చూసి వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా జరిగినదంతా ఈవిడ నేర్పిందేనని నేను నమ్ముతూ వచ్చాను. అన్నయ్యని తప్పు పట్టడం కన్నా వదినని తప్పు పట్టడం సుఖం. ఆడపడుచులందరికీ తెలిసిన సుఖమే. ఏడుస్తుందా, తలుపేస్తుందా అని చూస్తున్నాను.

"చెప్పులు లోపల పెట్టమ్మాయ్, కుక్క ఎత్తకపోద్ది" అంది వదిన.

కాళ్ళు కడుక్కున్నాక క్యారేజీ చేతికిచ్చింది. "మీ అన్న కల్లం కాడ ఉన్నాడు. నువ్వే తీసకపో" అంది. నాతో రాలేదు. ఆవిడ తెలివి అప్పుడు నాకు అర్థం కాలేదు.

కల్లం నిండా మిరపకాయలు పరిచి ఉన్నాయి. అన్నయ్య తల పూర్తిగా నెరిసిపోయింది. నన్ను చూసి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "బస్సుకొచ్చావా?" అన్నాడు.

"ఆఁ."

"కూర్చో. ఎండగా ఉంది."

కూలి ఆడవాళ్ళు నలుగురు తాలు ఏరుతున్నారు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఎండిన మిరపలో ఎర్రని మంచికాయ ఒక పక్కకి, రంగుపోయి తెల్లగా పాలిన తాలుకాయ ఒక పక్కకి ఏరాలి. ఎంత బాగా ఏరితే మంచికాయకి అంత ధర. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను. నాలుగు నిమిషాలకల్లా తుమ్ములు మొదలయ్యాయి. మిరప కల్లంలో ఒక సౌకర్యం ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఎందుకని ఎవరూ అడగరు.

ఏం మాట్లాడాలో తోచలేదు. పన్నెండేళ్ళుగా సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ ఉన్నాయి గాని, చేతిలో తాలుకాయ పట్టుకుని అవేవీ చెప్పబుద్ధి కాలేదు. చివరికి, "యార్డులో ధర ఎట్టా ఉందన్నయ్యా?" అన్నాను.

అన్నయ్య నా వంక ఒకసారి చూసి, ఎదురుగా కూలబడి చెప్పడం మొదలుపెట్టాడు. ఏడాది కిందటి ధరలో సగానికి సగం పడిపోయిందన్నాడు. కేంద్రం ఆ వారమే క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించిందని, అది తనలాంటివాడి దాకా వచ్చేసరికి ఏమవుతుందో తెలియదన్నాడు. కోతకూలి, మందుల ఖర్చు, టిక్కీలు యార్డుకి చేర్చే లారీ కిరాయి, గంటసేపు చెప్పాడు. అంతసేపు మా అన్నయ్య నాతో మాట్లాడ్డం చిన్నప్పుడు కూడా ఎరగను.

"మరి తాలుకాయ పారేస్తారా?" అన్నాను.

"పారేసేదేంది? తాలుకీ ధర ఉంటది. దాని ధర దానిది" అన్నాడు.

ఎండ వాలాక, చేతులు దులుపుకుంటూ అన్నాడు: "నీ ఉత్తరం చదివాలే."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే. మీ వదిన చేత ఇంకోసారి చదివిచ్చుకున్నా. బాగా రాశావు. పద్నాలుగు పేజీల్లోనూ నువ్వే ఉన్నావు. 'అన్నయ్యా, నీకు ఆ సంతకం దేనికి కావాల్సొచ్చింది' అనే ముక్క ఒక్కటి లేదు."

నేనేమీ అనలేకపోయాను. అన్ని పేజీల్లో నిజంగానే ఒక్క ప్రశ్న లేదు. 'వాటా అడిగిన ఆడపిల్ల' అని పేరు మోశాను. తీరా చూస్తే అసలు ఏమీ అడగనేలేదు!

"ఇప్పుడు అడుగుతున్నాను. దేనికి?" అన్నాను.

చెప్పాడు. పాసుపుస్తకం సరిగ్గా మారక బ్యాంకు పంట అప్పు భూమి మొత్తానికి ఇవ్వలేదట. తక్కువపడిన డబ్బు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. 2017లో మిరప ధర కూలినప్పుడు ఆ అప్పు తీరలేదు, 2021లో తామరపురుగుతో రెట్టింపయింది. ఫిర్యాదులా చెప్పలేదు. లారీ కిరాయి చెప్పినట్టే చెప్పాడు. నా 'ఆలోచించుకుని' ఖరీదు ఎంతో నాకు అప్పుడు తెలిసింది. ఆ ఫ్లాటు తూర్పు వాకిలిది కూడా కాదు, చివరికి పడమరదే దొరికింది.

ఆ రాత్రి అన్నయ్య పడుకున్నాక వదిన పద్దుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "ఆయన చూపించడు. నువ్వు చూడు" అంది. ప్రతి ఏడూ ఒక పంక్తి ఉంది. 'చిన్నమ్మాయి ఎకరంన్నర కౌలు – 30,000 – ఇవ్వలేదు.' 2017లో 'సగమే'. తామరపురుగు ఏడు, 'పంట లేదు'. మళ్ళీ మరుసటేడు, 'ఇవ్వలేదు'. నా మీద కోపంతో మాట్లాడ్డం లేదనుకున్నాను. బాకీ ఉన్నవాడు ఎదురుపడలేక తప్పుకు తిరిగినట్టు తిరిగాడు మా అన్నయ్య. నేను బస్సులో కొంగు కప్పుకుంటే ఆయన ఇక్కడ పుస్తకం మూసిపెట్టుకున్నాడు.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ అయ్యేది. కళ్ళు తుడుచుకుని మీరూ పేజీ తిప్పేవారు. కానీ ఆ పుస్తకం ఆ చివరినుంచి ఈ చివరిదాకా రెండుసార్లు తిరగేశాను. అక్క పేరు ఎక్కడా లేదు.

"అక్కకి లేదా వదినా?"

"ఆమె సంతకం పెట్టేసింది గదా" అంది వదిన. అని, తను కూడా ఆగిపోయింది.

అడక్కుండా సంతకం పెట్టిన మనిషికి ఒక పంక్తి కూడా దక్కలేదు. పెట్టని దాన్ని నేను ఏటేటా పుస్తకంలో బతికే ఉన్నాను. తరువాత తెలిసింది, నేను పెట్టలేదన్న వార్త వినగానే అక్క అత్తవారింట్లో, "నీ చెల్లెలికున్న తెలివి నీకు లేకపోయిందే" అని సాధించారట. అందుకే నాతో మాట మానేసింది. మిరప ధర లేని ఏడాది ఏదో అవసరానికి అడగబోయి, అన్నయ్య మొహం చూసి అడక్కుండా వెనక్కి వెళ్ళి, ఆయనతోనూ మానేసింది. మంచిదనిపించుకున్న పిల్ల ఇద్దరికీ దూరమైంది. మంచిది గదా, ఆవిడకేం అనుకుని మేం ఇద్దరమూ ఊరుకున్నాం.

మర్నాడు అన్నయ్య ముందే అక్కకి ఫోన్ చేశాను. పైటపడి అక్క పేరున కూడా ఒక పంక్తి రాద్దామని అన్నయ్య ఒప్పుకున్నాడు. ఆ ముక్కే చెప్పాను.

"మీరిద్దరూ కలిశారా? సంతోషం" అంది అక్క. "నాకు మీ కౌలొద్దు, పంక్తీ వొద్దు. ఇచ్చినదాన్ని మళ్ళీ తీసుకుని చెడ్డదాన్ని కాలేను. అట్టాగని ఊరికే మంచిదాన్నీ కాలేను. ఉంటా" అని పెట్టేసింది.

నేను మళ్ళీ అదే తప్పు చేశాను, చూశారా? ఏమివ్వాలో మేమే నిర్ణయించుకుని చెప్పాం. ఆవిడకేం కావాలో అడగలేదు.

మా ఊరి రెండో గొప్ప ఎర్రాప్రగడ. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలినప్పటి ఆస్థానకవి. నన్నయగారు భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తిక్కనగారు ఆ మిగిలింది ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నారు. ఇద్దరి మధ్యా ఆ ఖాళీ పద్నాలుగో శతాబ్దందాకా అలాగే ఉండిపోయింది. దాన్ని పూరించిన ఎర్రన, అది నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడి పేరనే నడిపాడు. తన రాజు పేరు పెట్టుకోలేదు. మొదట నన్నయలా మొదలుపెట్టి చివరికి తిక్కనలోకి కలిపాడని పెద్దలంటారు. బి.ఏ.లో ఈ పాఠం పరీక్షకి చదివాను. ఇద్దరి మధ్య ఖాళీ పూరించాలంటే ముందు వాళ్ళ గొంతు వినాలని, మన గొంతు తగ్గించుకోవాలని ఆ పాఠంలోనే ఉంది. మార్కులు బాగానే వచ్చాయి. పాఠం మాత్రం రాలేదు.

నేను సంతకం పెడతానంటే అన్నయ్య వొద్దన్నాడు. నా ఎకరంన్నర నా పేరున మార్పించుకున్నాను. కౌలుకి ఆయనే చేస్తున్నాడు. కాయితాలు సరిగ్గా ఉన్నాయి గనక ఇప్పుడు లెక్క మాట్లాడుకోవడానికి ఇద్దరికీ మొహమాటం లేదు. హక్కు వదులుకుంటేనే అనుబంధం నిలుస్తుందని ఇప్పటికీ నేననుకోను. అడగవలసిన మాట అడిగి ఉంటే రెండూ నిలిచేవని అనుకుంటాను.

ఇక అక్క. నరసరావుపేటలో రెండుసార్లు దిగాను. మొదటిసారి మజ్జిగ ఇచ్చింది, మాట ఇవ్వలేదు. రెండోసారి, "నీకేం కావాలే అక్కా?" అని అడిగాను. చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. చివరికి, "ఇన్నాళ్ళకి అడిగావా?" అంది. అది జవాబు కాదు. కానీ తలుపు దాకా వచ్చి, బస్సు ఎన్నింటికో కనుక్కుంది.

వచ్చే వారం మళ్ళీ వెళ్తున్నాను. జవాబు చెబుతుందో లేదో తెలియదు. అద్దంకి నుంచి అన్నయ్య పంపిన కొత్త మిరపకాయల సంచీ పక్కనే ఉంది. అందుకని, బస్సులో ఎవరైనా ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని తెగ తుముతూ, నరసరావుపేట ఇంకా ఎంతసేపని మిమ్మల్ని మాటిమాటికీ అడిగితే, దయచేసి విసుక్కోకండి. అడగడం ఆవిడ ఈ మధ్యనే నేర్చుకుంది.